ఉక్రోషం అని రాయలేక కోపం అని రాశాను: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. తెలివికి లోటు లేకున్నా చదవడం, తప్పుల్లేకుండా రాయడం కష్టమయ్యే డిస్లెక్సియాతో పెరిగి, ఇప్పుడు రాతనే వ్యాపకంగా చేసుకున్నవాడిగా, పరీక్షల్లో వ్యాసాలు దిద్దే పద్ధతి గురించి తమకు ఒక మనవి చేసుకుంటున్నాను.

ఏడో తరగతిలో స్నేహితుడితో జరిగిన గొడవ గురించి వ్యాసం రాయమన్నారు. ఆ రోజు నాకు కలిగింది ఉక్రోషం. కానీ క్రావడి ఎటు తిప్పాలో, చివర ‘ష’ రాయాలో ‘శ’ రాయాలో ఎంతకీ తేలక, ‘కోపం’ అని రాసి ఊరుకున్నాను. ఏమీ చేయలేనితనం కలిసిన కోపమే ఉక్రోషం. ఆ తేడా నాకు తెలుసని దిద్దినవారికి తెలిసే దారి లేదు. తప్పులు లేవు కనుక మార్కులు బాగానే పడ్డాయి. ఆ తరువాత చాలా ఏళ్లు, మనసుకు తట్టిన మాటను వదిలేసి, తప్పు లేకుండా రాయగలిగిన మాటనే వెతుక్కుంటూ గడిపాను.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో పెర్సీ అనే 14 ఏళ్ల బాలుడి గురించి రాశారు. తెలివిలో ఎవరికీ తీసిపోని ఆ పిల్లవాడు తన పేరునే ‘ప్రెసీ’ అని రాశాడు. ఒకటికి రెండుసార్లు చెబితే గానీ తప్పు పట్టుకోలేకపోయాడు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో ఇతడే అందరికన్నా చురుకైనవాడని అతని ఉపాధ్యాయుడి అభిప్రాయం. ఆ మాట అచ్చయి 125 ఏళ్లు దాటినా, మనం ఇంకా అక్షరదోషాలను బట్టే ఆలోచనను కొలుస్తున్నాం.

నాకు దారి చూపింది ఫోనులోని రికార్డరు. చెప్పదలచినది ముందు నోటితో చెప్పి, విని, ఆపి, మళ్లీ విని కాగితం మీద పెట్టడం మొదలుపెట్టాకే, నా వాక్యాలు సహజంగా పొడవైనవని, మధ్యలో నాతో నేనే వాదించుకుంటానని తెలిసింది. అక్షరదోషాలంటారా, వాటిని కంప్యూటరు దిద్దుతుంది. ఈ లేఖలోనూ దిద్దింది.

వ్యాసంలో భావానికీ అక్షరదోషాలకూ మార్కులు విడివిడిగా వేయించి, డిస్లెక్సియా ఉన్న పిల్లలకు రెండో వాటిలో కోత లేకుండా చూడాలని కోరుతున్నాను. పరీక్షలో పిల్లవాడు చెబుతుంటే రాసిపెట్టే లేఖకుడి సాయం మంచిదే, కానీ ‘నువ్వనేది ఇదేగా’ అని ఆయన తన వాక్యం చదివి వినిపిస్తే పిల్లవాడు తల ఊపేస్తాడు. అందువల్ల చెప్పింది చెప్పినట్టే రాయాలన్న నిబంధన, తన మాటను తానే రికార్డు చేసుకుని వినే వీలు, అందుకు తగిన అదనపు సమయం ఉండాలి.

తప్పుల్లేని చిన్న చిన్న వాక్యాలతో ముగిసిన పది జవాబుపత్రాలు తెప్పించి, ఆ పిల్లల చేత అదే విషయాన్ని నోటితో చెప్పించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడవలసిందిగా ప్రార్థన.

భవదీయుడు,
డిస్లెక్సియా ఉన్న ఒక రచయిత