కక్షిదారు మాట కంపెనీ సర్వర్‌లో ఎందుకు తెరుచుకోవాలి? కర్ణాటక న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. నా దగ్గరకు వచ్చే కక్షిదారుల్లో చాలామంది కె.ఆర్.పురం, మారతహళ్లి వైపు ఉంటున్న తెలుగువాళ్లు. వాళ్లూ చదవాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రతి ఆన్‌లైన్ న్యాయసేవలో కక్షిదారుకూ న్యాయవాదికీ మధ్య సాగే మాటలు, పత్రాలు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో ఉండాలని టెండరులోనే షరతు పెట్టండి. పంపినవారి ఫోనులో పడిన తాళం అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకోవాలి. నడుమ ఉన్న సర్వర్ దగ్గర తాళంచెవి ఉండకూడదు.

మా సైటుకు తాళం గుర్తు ఉందిగా అంటాయి ఈ సేవలు నడిపే కంపెనీలు. ఆ గుర్తు ఫోను నుంచి సర్వర్ దాకా ఉన్న దారికే కాపలా. అక్కడికి చేరాక అంతా విప్పేసినట్టే. మళ్లీ తాళం వేసి దాచినా చెవి కంపెనీదే. నా కక్షిదారు ఒకామె విడాకుల కేసు కోసం తన వైద్య నివేదికను అలాంటి ఒక ప్లాట్‌ఫారంలో నాకు పంపారు. మర్నాడు ఆ కంపెనీ కుర్రాడొకడు ఫోను చేసి, "రెండో పేజీ మసకగా ఉంది మేడం, మళ్లీ పెట్టండి" అన్నాడట. పాపం, సాయం చేద్దామనే అనుకున్నాడు. ఆ రెండో పేజీలో ఉన్నది అప్పటికి ఆమె కన్నతల్లికి కూడా తెలియదు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ప్రకారం కక్షిదారు ఒప్పుకోనిదే న్యాయవాది నోరు విప్పకూడదు. దుబాసీలకూ, న్యాయవాది గుమాస్తాలకూ, ఉద్యోగులకూ అదే కట్టుబాటు. దీనికి ముందున్న 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ ఇది ఉండేది. మరి ఆ కుర్రాడు? నా గుమాస్తా కాడు, దుబాసీ కాడు. అతనికీ ఈ సెక్షన్ వర్తిస్తుందని కోర్టులో ఎవరైనా వాదించి నెగ్గేదాకా ఆగనక్కర్లేదు. చదవగలిగేది ఏదీ అతని చేతికి చేరకపోతే చాలు.

దుబాసీ అన్నాను కనుక అసలు చిక్కు చెబుతాను. కక్షిదారుకు తెలుగే వచ్చు, న్యాయ సహాయం కింద దొరికిన వకీలుకు కన్నడమే వచ్చు. ఈ ఊరి కోర్టుల్లో ఇది రోజూ ఉండేదే. ప్లాట్‌ఫారాలు దీనికి ఆటోమేటిక్ అనువాదాన్ని ఎరగా చూపిస్తాయి. ఆ అనువాదం సర్వర్‌లో జరిగితే సర్వర్ అంతా చదివినట్టే, ఎన్‌క్రిప్షన్ అన్న మాటకు అర్థమే ఉండదు. సంభాషణను క్లుప్తంగా రాసిపెట్టే ఏఐ సౌకర్యాలదీ ఇదే కథ. అనువాదం ఫోనులోనే జరగాలి. కాదంటే మనిషినే పెట్టి, ఆ దుబాసీకి మూడో తాళంచెవి ఇవ్వాలి. ముగ్గురు నలుగురు కలిసి మాట్లాడుకునే గ్రూపులకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ కొత్తేమీ కాదు, వాట్సాప్‌లో 2016 నుంచీ ఉంది. దుబాసీని చట్టం ఎలాగూ కట్టిపడేసింది.

అవతల ఉన్నది నిజంగా తన వకీలేనని కక్షిదారుకు ఎలా తెలుస్తుంది? వకాలత్‌నామా మీద సంతకం పెట్టేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగానే ఉంటారు. అప్పుడే ఒకరి ఫోనులోని క్యూఆర్ కోడ్‌ను మరొకరు స్కాన్ చేస్తే సరిపోతుంది. ఫోను పోతే ఏమిటన్న ప్రశ్న మాత్రం నిజమైనదే. బ్యాకప్ ఉండాలి, దాన్ని తెరిచే రహస్యపదం కక్షిదారు దగ్గరే ఉండాలి. మరిచిపోతే పాత సందేశాలు దక్కవని ముందే చెప్పాలి. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది ఈ ఎన్‌క్రిప్షన్ దాచదు. ఒక మహిళ విడాకుల లాయరుకు అర్ధరాత్రి మూడుసార్లు సందేశం పెట్టిందన్న సంగతి ఒక్కటే చాలు కొంప ముంచడానికి. ఆ చిట్టా ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు చెరిపేయాలో కూడా షరతుల్లో రాయాలి.

నేరగాళ్లకు ఇది ముసుగవుతుందని మీ హోంశాఖ అనవచ్చు. చట్టవిరుద్ధమైన పని కోసం జరిపిన సంప్రదింపులకు 132వ సెక్షన్ రక్షణే లేదు. ఇలాంటి మినహాయింపుల కింద తప్ప కక్షిదారు వివరాల కోసం న్యాయవాదికి సమన్లు పంపకూడదని, న్యాయవాది డిజిటల్ పరికరం కావాలంటే దాన్ని కోర్టు ముందే హాజరుపరచాలని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దర్యాప్తుకు దారి ఉంది, అది కోర్టు మీదుగా ఉంది. కంపెనీ దగ్గర మారుతాళం ఎందుకు? సందేశాల అసలు పాఠాన్ని 90 రోజులు దాచిపెట్టుకోవాలని 2015లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చి, గగ్గోలు పుట్టగానే వెనక్కి తీసుకుంది. రెండేళ్లకే గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు వచ్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి మన హైకోర్టు మాజీ న్యాయమూర్తే.

టెండరు షరతులు రాసేటప్పుడు మీ అధికారులు పిలిస్తే కూర్చుంటాను. హైకోర్టు నుంచి విధానసౌధకు రోడ్డు దాటడమే కదా. వాయిదాలు లేని రోజైతే మేలు.

ఇట్లు,
బెంగళూరులో ప్రాక్టీసు చేస్తున్న ఒక తెలుగు న్యాయవాది