ఒక్కో కదలికకు ఒక గోవింద

రాజంపేట,
ఆదివారం రాత్రి

ఏమే సుజా,

బాగున్నావా? అన్నయ్య, పిల్లలు బాగున్నారా? మూడుసార్లు ఫోన్ చేశావు, మూడుసార్లూ నేను తియ్యలేదు. నీ గొంతు వింటే ఏడుపు ఆపుకోలేనని భయమేసి తియ్యలేదే, ఇంకేమీ అనుకోవద్దు. ఏడిస్తే ఆయాసమొస్తుంది, నాకు ఆయాసమొస్తే అత్తమ్మ రాత్రంతా నిద్రపోదు. కాగితం మీదైతే మధ్యలో ఆగొచ్చు, లేచి నీళ్ళు తాగి రావొచ్చు. డిగ్రీలో సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు ఇన్లాండ్ కవర్ల మడతల మీద కూడా చోటు వదలకుండా రాసుకునేవాళ్ళం కదా, అట్లాంటిదే అనుకో ఇది.

నాకిప్పుడు 34వ వారం నడుస్తోంది. కడుపుతో ఉన్నానని మాత్రమే నీకు చెప్పాను, మిగతాది చెప్పలేదు. మూడేళ్ళ కిందట రెండో నెలలోనే పోయినప్పుడు నువ్వు పూణె నుంచి రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చావు. మళ్ళీ నిన్ను అట్లా పరిగెత్తించడానికి మనసొప్పలేదు. అయిదో నెల దాటనీ, అన్నీ చెప్దాం అనుకున్నా. అయిదో నెలలోనే ఆ స్కాను వచ్చి పడింది.

టిఫా స్కానంటే నీకు తెలిసిందే, ఇద్దర్ని కన్నావు. తల నుంచి కాలివేళ్ళ దాకా అన్నీ చూస్తారు కదా. పొట్ట మీద చల్లటి జెల్ పూసి డాక్టరు మొదలుపెట్టాడు. ముందు బాగానే మాట్లాడాడు, ఇదిగో వెన్నెముక, ఇదిగో చెయ్యి అని. గుండె దగ్గరికొచ్చాక మాట ఆగిపోయింది. ఒకే చోట నొక్కి నొక్కి చూస్తున్నాడు. పక్కకు తిరగమన్నాడు. కాసేపు బయట నడిచి రమ్మన్నాడు. మళ్ళీ పడుకోమన్నాడు. నేను తెర వైపు చూడ్డం మానేసి ఆయన మొహమే చూస్తున్నా. చివరికి తుడుచుకోమని టిష్యూ చేతికిచ్చి, "మీ మేడమ్‌కు చూపించండి" అని లేచిపోయాడు. ఒక్క ముక్క చెప్పలేదే. ఏ మనిషినీ అట్లా పంపించకూడదు. రిపోర్టు ఆటోలో నేనే తెరిచి చదువుకున్నా. రెండో పేజీలో వీఎస్‌డీ అని లావు అక్షరాల్లో ఉంది. అదేంటో తెలియక ముందే చేతులు వణికాయి.

బిడ్డ గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం. అదీ సంగతి.

ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పలేను. ఫోన్లో చదివిందే చదివాను. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. శనివారం తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి తిరుపతి పోయి అలిపిరి నుంచి నడిచి కొండెక్కాడు. 3,550 మెట్లు. సాయంత్రం కాళ్ళు వాచి ఇంటికొచ్చాడు. ఏం మొక్కుకున్నావని అడిగితే, "ఏమీ మొక్కుకోలేదు, ఊరికే ఎక్కినా" అన్నాడు. నువ్వూ నేనూ ఫైనలియర్ పరీక్షల ముందు ఎక్కాం గుర్తుందా? మోకాళ్ళ మెట్ల దగ్గర నీ చెప్పులేని కాలికి ముల్లు గుచ్చుకుంటే కూర్చోబెట్టి తీశాను. ఆ రోజు మనం అడిగింది ఫస్ట్ క్లాసు. ఎంత చిన్న కోరికో చూడు.

23వ వారంలో తిరుపతిలో గుండె డాక్టరమ్మ దగ్గర ఫీటల్ ఎకో, అంటే కడుపులో బిడ్డ గుండెకు తీసే స్కాను, చేయించాం. ముక్కాలు గంట పట్టింది. ఈ తల్లి మాత్రం ప్రతిదీ చెప్తూనే చూసింది. అయిపోయాక మందుల చీటీ తిప్పి, వెనక పెన్నుతో బొమ్మ గీసింది. నాలుగు గదుల ఇల్లు. పైన రెండు, కింద రెండు. కింది గోడలో చిన్న ఖాళీ వదిలి, "ఇదమ్మా మీ పాపాయికి ఉన్నది. వెయ్యి మంది పిల్లలు పుడితే ఎనిమిది మందికో తొమ్మిది మందికో గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందులో జాస్తి కనిపించేది ఇదే" అంది. తర్వాత పై గోడలో కూడా ఒక ఖాళీ గీసింది. నా ప్రాణం పోయిందే సుజా, ఇంకోటి కూడా ఉందేమో అని. ఆమె నవ్వి, "ఇది నాకూ ఉండేది, మీకూ ఉండేది" అంది. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ ఊపిరితిత్తులతో పని లేదంట. ప్రాణవాయువు మన రక్తం నుంచే పోతుంది కాబట్టి, రక్తం ఆ పైకిటికీ గుండా దాటిపోతుందంట. బయటికొచ్చి ఊపిరి పీల్చుకోగానే ఆ కిటికీ రెక్క దానంతటదే పడుతుందంట. ప్రతి బిడ్డా గుండెలో ఒక కిటికీ తెరుచుకునే పెరుగుతుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. బడిలో పిల్లల చేత గుండె బొమ్మ ఎన్నిసార్లు గీయించి ఉంటానో.

మరి కింది రంధ్రం? చిన్నదైతే కొంతమందికి కడుపులోనే, కొంతమందికి పుట్టాక ఏడాదికో రెండేళ్ళకో దానంతటదే పూడిపోతుందంట. పూడకపోతే మందులు, కొన్నాళ్ళకు ఆపరేషన్. మాది ఏ రకమని అడిగాను. "ఇప్పుడే చెప్పలేనమ్మా" అంది. అంత నెమ్మదిగా, అంత నిజంగా చెప్పింది కాబట్టి ఆ మాట మింగగలిగాను. ఇట్లాంటి లోపం ఒక్కోసారి జన్యువుల తేడాతో కలిసొస్తుందని కూడా చెప్పింది. పొట్టలోకి సూది పెట్టి ఉమ్మనీరు తీసే పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది, కానీ గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. నా రక్తంతో చేసే పరీక్షలో ఆ ప్రమాదం లేదు, కానీ అది అంచనా మాత్రమే. నేనూ ఆయనా ఒక రాత్రంతా వాకిట్లో కూర్చుని రక్తపరీక్షే చాలనుకున్నాం. రిస్కు తక్కువని వచ్చింది. ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాను.

ఇక నీకు అసలు చెప్పాలనుకున్నది.

ఆ రోజుల్లో నేను మొక్కని మొక్కు లేదు. పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు కట్టి దేవుడి గూట్లో ముడుపు పెట్టాను. తలనీలాలు మొక్కాను, అంగప్రదక్షిణ మొక్కాను, ఏడు శనివారాలు మొక్కాను, గాజులతో సహా నిలువుదోపిడీ మొక్కాను. ఏది మొక్కానో మర్చిపోతానని నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఒక రాత్రి అత్తమ్మ ఆ పుస్తకం చూసింది. ఏమీ అనలేదు. పొద్దున్నే తలస్నానం చేయించి, ఆటో మాట్లాడి తాళ్ళపాక తీసుకుపోయింది. మా ఊరికి ఎంతో దూరం లేదు కదా, అయినా పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాలుగైదుసార్లకు మించి పోలేదు.

చెన్నకేశవస్వామి గుడిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. తీర్థం తీసుకుని రాతి మండపంలో కూర్చున్నాం. అన్నమయ్య ఇక్కడే 1408లో పుట్టాడని మనందరికీ తెలుసు. వాళ్ళమ్మ లక్కమాంబ పిల్లల్లేక బాధపడిందని, ఆ దంపతులు కొండకు పోయి గరుడస్తంభం ముందు సాగిలపడ్డారని కూడా తెలుసు. అత్తమ్మ ఆ కథ చెప్పలేదు. "లక్కమాంబ స్వామితో మాట్లాడేదంట. ఏం అడిగేదని ఎవురూ చెప్పరు, మాట్లాడేదని చెప్తారు. నువ్వూ అడిగింది చాల్లేమ్మా. మాట్లాడు" అని చెప్పి, నన్నక్కడ వదిలి ప్రదక్షిణలకు లేచిపోయింది.

నాకు మొదట మాట రాలేదు. తర్వాత, "స్వామీ, నాకు భయంగా ఉంది" అన్నాను. పైకే అన్నాను. తర్వాత వాడు పొద్దున ఎట్లా తన్నాడో చెప్పాను (వాడో అదో మాకు తెలియదే, మేం బంగారూ అని పిలుస్తాం). పులిహోర తినాలనిపిస్తోందని చెప్పాను. ఆయన రాత్రిళ్ళు గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడని, నేను నిద్రపోతున్నట్టు నటిస్తున్నానని చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. ఆ రోజు నుంచి రోజూ మాట్లాడుతున్నా, వంట చేస్తూ, బడికి పోతూ. ముడుపు అట్లాగే ఉంది, విప్పలేదు. పుస్తకంలో మాత్రం ఇంకేమీ రాయలేదు.

అన్ని రోజులూ ఒకేలా ఉన్నాయని అబద్ధం చెప్పను. 30వ వారం ఎకోలో ఆ రంధ్రం అంతే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. పూడిపోయి ఉంటుందని గట్టిగా అనుకుని పోయానేమో, కుప్పకూలిపోయాను. ఆ శనివారం నేను దేవుడి గది గుమ్మం తొక్కలేదు. నాకు ఉపవాసాలు డాక్టరమ్మ వద్దంది కదా, దాని బదులు శనివారం శనివారం పిండిదీపం పెట్టుకునేదాన్ని. ఆ రోజు పిండి కూడా తడపలేదు. సాయంత్రం వంటింట్లో చప్పుడైతే చూశాను. అత్తమ్మ బియ్యప్పిండిలో బెల్లం కలిపి, ఆ వంకర వేళ్ళతో మెల్లగా ప్రమిద చేస్తోంది. కీళ్ళనొప్పులతో ఆమె చెంబు కూడా గట్టిగా పట్టుకోలేదు. నన్ను పిలవలేదు. నేనే పోయి పక్కన కూర్చుని వత్తి చేసిచ్చాను. ఆమె దీపం పెట్టింది. కొండెక్కాక ఆ పిండి చలిమిడి ఇద్దరం చెరిసగం తిన్నాం. నెయ్యి వాసన, బెల్లం, కాస్త మాడిన వత్తి రుచి. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

ఏడో నెల శ్రీమంతం వద్దన్నాను. ఇంత అయోమయంలో పండగేంటని నా బాధ. అత్తమ్మ వినలేదు, "బిడ్డ కడుపులో ఉంది, గాజులు తొడగాల్సిందే" అంది. అమ్మ పసుపు పూసింది, వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి రెండు చేతులకూ పచ్చగాజులు తొడిగారు. చెయ్యి కదిపితే గలగల. ఆ గలగలకు బంగారు ఉలిక్కిపడి కదిలాడు! వినపడుతోందే వాడికి.

ఇప్పుడు ఏర్పాట్లు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మకు ఆశ, కానీ పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే మంచిదని డాక్టరమ్మ చెప్పింది. అందుకే 37వ వారానికి తిరుపతిలో పిన్ని వాళ్ళింటికి పోతున్నాం, అమ్మ కూడా అక్కడికే వస్తుంది. మామూలు కాన్పే కావచ్చంది. పుట్టగానే మొదటి రోజుల్లో మళ్ళీ ఎకో తీస్తారు. అసలు జాగ్రత్త నెల తిరిగాక పడాలంట. అప్పటికి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గి, రంధ్రం గుండా రక్తం అటువైపు జాస్తి పోతుందంట. పాలు తాగుతూ తాగుతూ అలిసిపోయి ఆపడం, నుదుట చెమట పట్టడం, బరువు పెరగకపోవడం, ఈ మూడూ చూసుకోమంది. అమ్మకు, పిన్నికి, అత్తమ్మకు ముగ్గురికీ వల్లె వేయించాను.

మొన్న తిరుపతి పోయినప్పుడు బర్డ్ ఆసుపత్రి దగ్గర దేవస్థానం వాళ్ళ పద్మావతి చిన్నపిల్లల గుండె ఆసుపత్రి కూడా చూసొచ్చాం. 2021లో తెరిచారు. ఆపరేషన్ దాకా వస్తే ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండాలని ఆయన పట్టుబట్టాడు. బయట బెంచీ మీద ఒకామె ఒళ్ళో ఏడాది పిల్ల కూర్చుని ఉంది. చొక్కా గుండీ ఊడి, గుండెల మధ్య నిలువుగా సన్నటి గీత కనిపిస్తోంది. చేతిలో బిస్కెట్టు. నన్ను చూసి ఆ తడి బిస్కెట్టు నా నోటికి అందించింది. తిన్నానే. ఆపరేషన్ అన్న మాటకు అంతకుముందు ఉన్న భయం, ఆ తర్వాత అంత లేదు.

ఏడాది లోపు బిడ్డనెత్తుకుని పోతే కొండ మీద సుపథం నుంచి దర్శనానికి పంపిస్తారు కదా. ఆపరేషన్ అయినా, కాకపోయినా ఏడాది లోపల పోదామని ఆయనా నేనూ అనుకున్నాం. నువ్వూ రావాలి. ఈసారి మెట్లు నువ్వెక్కు, నేను బస్సులో వస్తా.

ఒకటి అడుగుతా, మొహమాటపడకుండా చెప్పు. మీ అమ్మ కట్టిన వెంకటగిరి నూలు చీరలు నువ్వు దాచుకున్నావు కదా. హాస్టల్‌కు ఓళిగలు పట్టుకుని వచ్చినప్పుడు కట్టుకునేది, ఆ లేత నీలం చీర. ఆమె చేతి అన్నం నేనూ తిన్నాను. ఆ చీరతో బంగారుకు బొంత కుట్టుకుందామని ఉంది. ఇవ్వబుద్ధి కాకపోతే వద్దు, నిజంగా. ఇస్తే మాత్రం ఉతకొద్దు, అట్లాగే మడిచి పంపు. ఇక్కడ నేను ఉతుక్కుంటా.

ఈ కాగితం అంచున నిలువు గీతలు కనిపిస్తున్నాయా? రాత్రి అన్నం తిన్నాక ఎడమవైపు ఒరిగి, రెండు గంటల్లో పది కదలికలు వస్తున్నాయా లేదా లెక్కపెట్టుకోమన్నారు. ఒక్కోదానికి ఒక గోవింద అనుకుంటూ గీత పెడతాను. ఇవాళ నీకు రాస్తూ లెక్కపెట్టాను. శ్రీమంతం సంగతి రాస్తున్నప్పుడు వరసగా మూడు వచ్చాయి, చూడు. ఇప్పటికి తొమ్మిదయ్యాయి. పదోది వచ్చేదాకా కలం మూయను.

వచ్చింది. గోవిందా.

నీ
శారద