నీ రసీదుల కవరు గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఏడాది పొడుగునా ఇచ్చిన విరాళాల రసీదులన్నింటినీ ఒక గోధుమరంగు కవరులో దాచి ఉంచావని, అందుచేత ఈసారి ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడం ఒక పూట పనేనని ధీమాగా రాశావు. నిరుడు సరిగ్గా ఇదే సమయానికి నేను కూడా అటువంటి కవరునే ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందులో ఉన్నవాటిలో అన్నింటికన్నా పెద్ద రసీదే చివరకు నాకు కొరగాకుండా పోయింది కనుక, కాస్త విపులంగానే రాస్తున్నాను. విసుక్కోకుండా చదువు.

జరిగినది ఇది. ఒక సేవాసంస్థకు చెక్కు రూపంలో 5,000 రూపాయలు ఇచ్చాను. రసీదు రాస్తున్న పెద్దాయన పాన్ నంబరు అడిగితే, కార్డు ఇంట్లో ఉన్నదని, తరువాత పంపుతానని చెప్పి వచ్చేశాను. ఆ ‘తరువాత’ ఎన్నటికీ రాలేదు. రసీదు మాత్రం ముత్యాలవంటి అక్షరాలతో, రబ్బరు ముద్రతో, రెవెన్యూ స్టాంపుతో సహా లక్షణంగా ఉన్నది. తీరా రిటర్ను నింపుతూ విరాళాలకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80జి పట్టిక తెరిస్తే, అది నన్ను రసీదు సంఖ్య అడగలేదు. ఏఆర్‌ఎన్ అనే మరొక సంఖ్య అడిగింది. అది ఉండేది రసీదు మీద కాదు, ఫారం 10బీఈ అనే ధ్రువపత్రం మీద.

ఈ ఏర్పాటు 2021-22 ఆర్థిక సంవత్సరంలో అందిన విరాళాలతో మొదలైంది. విరాళాలు పుచ్చుకున్న సంస్థ, ఎవరు ఎంత ఇచ్చారో, నగదుగా ఇచ్చారో మరో విధంగా ఇచ్చారో, దాత గుర్తింపు సంఖ్యతో సహా ఫారం 10బీడీ రూపంలో మే 31 లోపల ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలి. అలా తెలియజేసిన తరువాతనే పోర్టల్ నుంచి దాత పేరిట 10బీఈ వెలువడుతుంది. నేను పాన్ ఇవ్వలేదు కనుక వారు పంపిన జాబితాలో నా పేరే లేదు. సవరించి పంపుతామని మర్యాదగానే చెప్పారు గాని, ఆ పత్రం నా చేతికి వచ్చేసరికి నేను రిటర్ను దాఖలు చేసి రెండు వారాలు దాటింది. నష్టపోయినది 780 రూపాయలే, నిజమే. కానీ ఆ 780 కోసం తిరిగిన తిరుగుళ్లకు లెక్క కడితే నన్ను నేనే తిట్టుకోవలసి వస్తుంది.

కాబట్టి నీ కవరులోని ప్రతి రసీదుకూ జతగా 10బీఈ వచ్చిందో లేదో ముందు చూడు. చాలా సంస్థలు ఈమెయిల్‌లో పంపుతాయి; అవి ప్రకటనల నడుమ ఎక్కడో పడి ఉంటాయి. రానివారికి ఈ వారంలోనే ఫోన్ చేయి, జూలై ఆఖరు దాకా ఆగవద్దు. వచ్చిన పత్రంలో నీ పాన్‌ను ఒక్కొక్క అక్షరమే సరిచూసుకో. పాన్‌లో మొదటి ఐదు అక్షరాలు, తరువాత నాలుగు అంకెలు, చివర మళ్లీ ఒక అక్షరం ఉంటాయి కదా. కార్బను కాగితం కింద రాసిన రసీదులో ఇంగ్లీషు ‘ఎస్’ కాస్తా 5 అయిపోవడం, ‘ఓ’ కాస్తా సున్నా అయిపోవడం నేను స్వయంగా చూశాను. ఇంకొక మాట: చెల్లెమ్మ పేరిట వచ్చిన ధ్రువపత్రం చెల్లెమ్మ రిటర్నుకే పనికివస్తుంది. డబ్బు నీ జీతంలో నుంచే వెళ్లినా సరే, దానిని నీ లెక్కలో కలుపుకోవద్దు.

కొన్ని రసీదులను ఇప్పుడే పక్కన పెట్టేయవచ్చు. నగదుగా ఇచ్చినది 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు. బియ్యం, దుప్పట్లు, పుస్తకాలు వంటి వస్తురూప దానాలకు అసలే లేదు, వాటి విలువ వేసి సంస్థవారు రసీదు ఇచ్చినా సరే. హుండీలో వేసినది దేవుడికీ నీకూ మధ్య లెక్క. దానిలోకి ఆదాయపు పన్ను శాఖ రాదు. పిల్లల బడి రసీదును కూడా ఒకసారి తేరిపార చూడు. ట్యూషన్ ఫీజు, పొదుపు, జీవిత బీమా వంటివాటికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80సి కింద చెల్లుతుంది. అదే రసీదులో అభివృద్ధి రుసుము పేరిటనో, విరాళం పేరిటనో వేసిన మొత్తం అందులో చెల్లదు. నీవు మొత్తం కూడి రాస్తావని నాకు అనుమానం, ఎందుకంటే నేను రాశాను.

ఇక ఎంత మిగులుతుందని అడిగావు. చాలా సేవాసంస్థల విషయంలో ఇచ్చినదానిలో సగానికే మినహాయింపు, అది కూడా ఒక పరిమితికి లోబడి. ఇతర మినహాయింపులన్నీ తీసివేయగా మిగిలిన ఆదాయంలో పదో వంతుకు మించిన విరాళాలను లెక్కలోకి తీసుకోరు. నీ స్థూల ఆదాయం 12 లక్షలు అనుకుందాం. అందులో 80సి కింద లక్షన్నర, ఆరోగ్య బీమా కింద 25,000 తీసివేస్తే 10,25,000 మిగులుతుంది కనుక, పరిమితి 1,02,500. నీవు ఇచ్చిన 10,000 దానికి లోపలే ఉన్నది. అందులో సగం 5,000. నీ శ్లాబు, అంటే నీ ఆదాయంలో పై భాగానికి పడే పన్ను రేటు, 30 శాతం గనుక 1,500, ఆ పన్ను మీద వేసే నాలుగు శాతం సెస్సుతో కలిపి 1,560 రూపాయలు నీకు మిగులుతాయి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఇచ్చినదానికి మాత్రం ఈ సగం, పరిమితి ఏవీ వర్తించవు, మొత్తం మినహాయింపే.

అయితే ఇదంతా నీవు పాత పన్ను విధానంలో, అంటే ఇటువంటి మినహాయింపులు దొరికే విధానంలో, ఉన్నావు కనుకనే చెబుతున్నాను. ఇంటి అప్పు వడ్డీ, ఇంటద్దె రెండూ ఉన్న నీకు అదే లాభమని నా లెక్కలోనూ తేలింది. కొత్త విధానంలో 80జి లేదు. పైగా, ఏమీ ఎంచుకోకపోతే పోర్టల్ నిన్ను కొత్త విధానంలోనే ఉంచుతుంది. జీతగాళ్లకు గడువు తేదీ జూలై 31. అది దాటి దాఖలు చేస్తే 5,000 రూపాయల దాకా ఆలస్య రుసుము పడడమే కాక, పాత విధానాన్ని ఎంచుకునే అవకాశం కూడా పోతుంది. అప్పుడు నీ కవరు మొత్తం చిత్తు కాగితాలతో సమానం.

మిగిలిన కాగితాల గురించి నీకు పెద్దగా చెప్పనక్కరలేదు. జీతాన్నీ దానిలో కోసిన పన్నునూ చూపే ఫారం 16 జూన్ మధ్యకల్లా మీ ఆఫీసువారే ఇస్తారు. ఇంటి అప్పు వడ్డీ పత్రాన్ని బ్యాంకు వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. కానీ నీ పేరిట జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌తో పాటు ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికను తప్పక తెరిచి చూడు. నీవు మరచిపోయిన పొదుపు ఖాతా వడ్డీ, ఏ మూలనో ఉన్న షేర్ల మీద వచ్చిన డివిడెండు, అన్నీ అందులో ఉంటాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు పది శాతం కోసుకున్నది కదా, పన్ను అయిపోయిందనుకోవద్దు. నీ శ్లాబు 30 శాతం, మిగతాది నీవే కట్టాలి.

రిటర్నుతో పాటు ఈ కాగితాలేవీ జతపరచనక్కరలేదు, ఇంట్లో ఉంచుకుంటే చాలు. ఆ వెసులుబాటును చూసుకునే, కమీషన్ తీసుకుని బూటకపు విరాళాల రసీదులు ఇప్పించేవారు పుట్టుకొచ్చారు. 2025 జూలైలో శాఖవారు దేశంలో పలుచోట్ల అటువంటివారిపై సోదాలు జరిపారు. మీ ఆఫీసులో ఎవరో అటువంటి ‘సాయం’ చేస్తానన్నారని రాశావు. ఆయనకు నమస్కారం పెట్టి పంపించేయి.

దాఖలు చేసిన తరువాత 30 రోజులలోపు ఈ-వెరిఫై చేయడం, అంటే రిటర్ను నీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం, మరువకు. ముందు మాత్రం ఆ కవరు తెరిచి, 10బీఈ ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క పెట్టి, లేనివి ఎన్నో నాకు రాయి. ఆదివారం ఉదయం నేను ఖాళీగానే ఉంటాను. ఫోన్ చేస్తే, 80జి పట్టిక ఇద్దరం కలిసే నింపుదాం.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు