లోతులేని అఖాతంలోకి వేడినీరు: పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. తీరంలో విద్యుత్ కేంద్రానికి అనుమతి ఇచ్చేటప్పుడు అందరి చూపూ, కేంద్రాన్ని చల్లబరచడానికి తోడిన సముద్రపు నీటిని తిరిగి వదిలే గొట్టం మూతి దగ్గరే ఉంటుంది. వదిలే నీరు సముద్రపు నీటికన్నా ఎన్ని డిగ్రీలు వేడిగా ఉందన్నదే ప్రశ్న. లోతులేని అఖాతంలో ఆ ప్రశ్న చాలదు.

1000 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రం దాదాపు 2000 మెగావాట్ల వేడిని నీటిలోకి వదులుతుంది. నీరు 10 డిగ్రీలు వేడెక్కవచ్చంటే సెకనుకు సుమారు 50 ఘనపు మీటర్లు తోడాలి. 5 డిగ్రీలు దాటకూడదంటే 100 తోడతారు. కాగితం మీద డిగ్రీలు సగమవుతాయి, అఖాతంలో చేరే వేడి మాత్రం వీసమెత్తు తగ్గదు. పైగా చేపల గుడ్లు, పిల్లలు పంపుల్లోకి పోవడం ఇంకా పెరుగుతుంది.

లోతున్న చోట వేడినీరు తేలిక కనుక పైన పలుచగా పరుచుకుంటుంది, కిందనున్న చల్లనీటితో కలిసి చల్లబడుతుంది. రెండు మూడు మీటర్ల లోతులో ఆ చల్లనీరేది? వేడి నేలదాకా తాకుతుంది. గాలి ఒడ్డువైపు వీస్తే అక్కడే పోగవుతుంది. పాటుకు బయటికి పోయిన నీటిలో చాలాభాగం పోటుకు మళ్లీ లోపలికే వస్తుంది, ఒక్కోసారి కేంద్రం తోడే చోటికి కూడా. ఇక ఆ వేడి గాలిలోకి పోవాలి. నీరు ఒక డిగ్రీ పెరిగితే చదరపు మీటరు నుంచి అదనంగా పోయేది, గాలివేగాన్ని బట్టి కాస్త అటూఇటూగా, 40 వాట్లు. ఆ లెక్కన 2000 మెగావాట్లు పోవాలంటే 50 చదరపు కిలోమీటర్ల నీరు సగటున ఒక డిగ్రీ వేడెక్కాలి. బయటి సముద్రంతో రాకపోకలు సరిగా లేని 20 చదరపు కిలోమీటర్ల అఖాతమైతే రెండున్నర డిగ్రీలు.

ఇది ఊహ కాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో, బిస్కేన్ అఖాతం ఒడ్డునున్న టర్కీ పాయింట్ కేంద్రం వేడినీటికి 1960ల చివర్లో సముద్రపు గడ్డి చచ్చిపోయింది. 1970లో ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఆ తర్వాతే నీటిని లోపలే తిప్పుకునే కాలువలు తవ్వారు. (వాటి ఉప్పునీరు భూగర్భజలంలోకి ఊరడం మరో తలనొప్పి.)

అందుకే నా అభ్యర్థన. అనుమతిలో డిగ్రీలతోపాటు మొత్తం వేడికి, అంటే మెగావాట్లకు, పరిమితి పెట్టండి. సంస్థలు తెచ్చే కంప్యూటర్ నమూనాల్లో ఏడాది సగటును ఒప్పుకోకండి. ఎండాకాలంలో, పోటుపాటులు మందగించే అష్టమి, నవమి ప్రాంతంలో, గాలి ఆడని రోజుల లెక్క అడగండి. గడ్డి, గుల్లలు ఆ రోజుల్లోనే చస్తాయి. కేంద్రం నడిచాక అఖాతం నలుమూలలా, పైనా అడుగునా కొలిచిన ఉష్ణోగ్రతలను ఏ రోజువి ఆ రోజే ప్రజల ముందుంచేలా ఆదేశించండి.

భవదీయుడు,
తీరవాసి ఒకడు