ఫైలు మా పిల్లల చేతికి ఇప్పించండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. విద్యాశాఖ కూడా మీరే చూస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను. నేను కరీంనగర్‌లో ఉండే రిటైర్డ్ జూనియర్ లెక్చరర్‌ని. అడగదలుచుకున్నది ఒక్కటే. విదేశాల్లో చదువుకోవడానికి మన పిల్లల తరఫున దరఖాస్తులు పెట్టే కన్సల్టెన్సీలకు రాష్ట్రంలో లైసెన్సు విధానం తీసుకురండి. పంపిన దరఖాస్తు పూర్తి కాపీ, దాని లాగిన్, పాస్‌వర్డ్ విద్యార్థి చేతిలో ఉండాలన్నది అందులో మొదటి షరతుగా పెట్టండి.

మా మేనల్లుడు బీటెక్ ఎలక్ట్రికల్ చేశాడు. కెనడా కాలేజీలో అడ్మిషన్ వచ్చింది, స్టడీ పర్మిట్‌కి హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ద్వారా అప్లై చేశాడు. దాని పేరు రాయను. ఆ పేరు తీసి ఇంకో పది పేర్లు పెట్టినా కథ మారదు. బోర్డు మీద ‘ప్రాసెసింగ్ ఫ్రీ’ అని ఉంటుంది. ఊరికే పని చేసిపెట్టేవాళ్లు ఎవరుంటారండీ? చేర్చుకున్న కాలేజీ వాళ్లకి కమీషన్ ఇస్తుంది. కమీషన్ తప్పని నేననను. కానీ పిల్లవాడికి ఏ కోర్సు పనికొస్తుందో చెప్పాల్సిన మనిషికి, ఏ కాలేజీ ఎక్కువ ఇస్తుందన్న లెక్క కూడా ఉంటుందని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు.

కెనడా ఇమిగ్రేషన్ వెబ్‌సైట్లో మావాడి పేరు మీద తెరిచిన అకౌంట్‌కి కన్సల్టెన్సీ వాళ్ల మెయిల్ ఐడీ ఇచ్చారు, ఫోన్ నంబరు అక్కడి స్టాఫ్‌లో ఒకరిది. ఏ మెసేజ్ వచ్చినా వాళ్లకే వస్తుంది. పర్మిట్ రిజెక్ట్ అయిన సంగతి వాళ్లకు తెలిసిన తర్వాత కూడా మాకు ‘ప్రాసెసింగ్‌లో ఉంది’ అనే చెప్పారు. మా బావగారు వెళ్లి గట్టిగా అడిగితే గాని లెటర్ బయటికి రాలేదు. చదువు అయ్యాక కెనడా విడిచి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని, వాళ్ల నిబంధన 216(1)(బి) ప్రకారం తిరస్కరించామని అందులో ఉంది.

అప్పుడు పట్టుబట్టి మొత్తం ఫైలు తీయించాను. మావాడి పేరుతో పంపిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నాడో చెప్పే లెటర్) మేం చూడటం అదే మొదటిసారి. ఎలక్ట్రికల్ చదివి, సబ్‌స్టేషన్ పనులు చేసే కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం చేసినవాడికి ‘చిన్నప్పటి నుంచి సప్లై చైన్ మీదే ఆసక్తి’ అట. కిరాణా కొట్టు నడిపే మా బావగారు అందులో ఎగుమతి వ్యాపారి అయ్యారు. రెండో పేజీ మధ్యలో ‘మా నెల్లూరులో’ అని ఉంది. మా కుటుంబంలో నెల్లూరు చూసినవాళ్లే లేరు. ఇంకెవరో పిల్లదో పిల్లవాడిదో తీసి పేరు మార్చి అతికించారన్నమాట. కింద సంతకం మాత్రం మావాడిది. ఆ లెటర్ చదివిన ఆఫీసర్‌కి నమ్మకం కలగకపోవడంలో వింతేముంది!

ఒక్క రిజెక్షన్‌తో పోయేదైతే ఇంత దూరం రాసేవాణ్ని కాదు. కెనడా ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ ప్రకారం దరఖాస్తులో తప్పుడు సమాచారం ఉన్నట్టు తేలితే 5 ఏళ్లు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. అది కన్సల్టెన్సీ రాసిందా, విద్యార్థి రాశాడా అని చూడరు. దరఖాస్తుదారుడే జవాబుదారీ. డబ్బు తీసుకుని వేరొకరి తరఫున దరఖాస్తు నడిపేవాళ్లు అక్కడి లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంటో, లాయరో అయి ఉండాలి. ఫారం నింపింది ఎవరో దరఖాస్తులో చెప్పాలి. మా ఫైలులో ఆ వివరమే లేదు. కాగితాల లెక్కలో మొత్తం మావాడు ఒక్కడే కూర్చుని నింపుకున్నాడు.

2023లో పంజాబ్ పిల్లల విషయం మీకు గుర్తుండే ఉంటుంది. ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్లు నకిలీవని వాళ్లలో చాలామందికి కెనడా వెళ్లి, చదువు పూర్తిచేసి, పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేసినప్పుడు గాని తెలియలేదు. దేశం నుంచి పంపేస్తామన్న నోటీసులు వచ్చింది పిల్లలకి. ఆ గొడవ తర్వాతే, అదే ఏడాది డిసెంబరు 1 నుంచి, ప్రతి అడ్మిషన్ లెటర్‌నీ కాలేజీతో సరిచూసుకోవడం కెనడా మొదలుపెట్టింది. ఇప్పుడు మన దేశం ఫైలు అంటేనే అనుమానంగా చూస్తున్నారు. 2025 ఆగస్టులో మన వాళ్ల స్టడీ పర్మిట్ దరఖాస్తుల్లో సుమారు 74 శాతం తిరస్కరించారని రాయిటర్స్ రాసింది. అంతకు రెండేళ్ల ముందు అదే నెలలో అది 32 శాతమే. కెనడా పర్మిట్ల కోటా తగ్గించడం ఒక కారణం కావచ్చు. కానీ నిజాయితీగా చదువుకోవాలనుకునే పిల్లలు కూడా దొంగ ఫైళ్ల మధ్య ఇరుక్కుపోతున్నారన్నది కాదనలేం.

మన తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడితే కొందరు మన పిల్లల కాళ్లకి ట్రాకింగ్ పరికరాలు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ పెట్టి వల వేస్తే, మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. రెండుసార్లూ పది రోజులు టీవీల్లో చర్చ జరిగింది. అమీర్‌పేటలో కన్సల్టెన్సీల బోర్డులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కన్సల్టెన్సీలే వద్దని నేను అనను. రూల్స్ మారే వేగం చూస్తే అవి లేకుండా గడవదు కూడా. 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టి, కెనడాలోని ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) తన కోటాలో చోటుందని ఇచ్చే అటెస్టేషన్ లెటర్ చాలా కోర్సులకు తప్పనిసరి చేశారు. అదే నవంబరులో త్వరగా ఫైలు తేల్చే స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్ ఎత్తేశారు. ఏడాది ఖర్చులకు చూపాల్సిన సొమ్ము చాలాకాలం 10,000 కెనడా డాలర్లే. అది 2024లో 20,635 అయింది, 2025 సెప్టెంబరు నుంచి 22,895. మన డబ్బుల్లో 14 లక్షల పైమాటే, ట్యూషన్ ఫీజు వేరు. ఇక్కడే ఇంకో దందా పుడుతుంది. బ్యాంకు బ్యాలెన్స్ తక్కువైతే ‘ఫండ్స్ మేం చూపిస్తాం’ అంటారు. ఎవరిదో డబ్బు కొన్నాళ్లు మీ ఖాతాలో ఉంచి, పర్సెంటేజీ పట్టుకుని వెనక్కి తీసుకుంటారు. టెన్షన్‌లో ఉన్న తండ్రికి అది సాయంలాగే కనిపిస్తుంది. పట్టుబడితే మళ్లీ అదే 40వ సెక్షన్.

వీసాలు కేంద్రం పరిధి, రాష్ట్రం చేతిలో ఏముందని అధికారులు మీకు చెప్పవచ్చు. పంజాబ్ 2012లోనే సొంత చట్టం చేసుకుంది. వీసా కన్సల్టెన్సీలు, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లీషు పరీక్ష) కోచింగ్ సెంటర్లు జిల్లా అధికారి దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఆ చట్టం ఉన్నా 2023 గొడవ ఆగలేదు కదా అంటే, నిజమే. లైసెన్సు కాగితం గోడకి తగిలిస్తే సరిపోదు, అందుకే ఫైలు విద్యార్థి చేతికి రావాలని అంటున్నాను. తన పేరు మీద ఏం పంపారో చదువుకున్న పిల్లవాడు ‘నెల్లూరు’ దగ్గరే ఆగిపోతాడు.

గల్ఫ్‌కి వెళ్లే మన జగిత్యాల, సిరిసిల్ల కూలీలకే ఇంతకంటే రక్షణ ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం అక్కడ ఉద్యోగం ఇప్పించే ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలి, బ్యాంకు గ్యారంటీ కట్టాలి, కార్మికుడి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. అది సరిగ్గా అమలు కావడం లేదన్నది వేరే సంగతి, కనీసం ఫిర్యాదు చేయడానికి ఒక సెక్షన్ ఉంది. పైగా టామ్‌కామ్ పేరుతో ప్రభుత్వమే ఒక రిక్రూటింగ్ సంస్థ నడుపుతోంది. విద్యార్థికి ఈ రెండూ లేవు. ఓవర్సీస్ విద్యానిధి పథకాల కింద ఒక్కొక్కరికి 20 లక్షలు ఇచ్చి పంపుతున్నది మీ ప్రభుత్వమే కదా. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్లే ఫైలుకి ఆసరా అవుతోందో చూసుకునే బాధ్యత కూడా మీదే.

చట్టానికి టైం పడుతుందంటే ఈలోగా ఒక పని చేయొచ్చు. విద్యానిధికి ఎంపికైన ప్రతి విద్యార్థీ తన దరఖాస్తు కాపీ, ఎవరు నింపారన్న వివరం జిల్లా సంక్షేమ అధికారికి ఇవ్వాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. దానికి అసెంబ్లీ అక్కర్లేదు. సెప్టెంబరులో కోర్సుల్లో చేరేవాళ్ల ఫైళ్లు సంక్రాంతి దాటగానే కదలడం మొదలవుతాయి. ఉత్తర్వు అంతకు ముందే వస్తే ఈసారి వెళ్లేవాళ్లకైనా పనికొస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, కరీంనగర్