పార్కు కంచె మళ్లీ కుళ్లిపోకూడదంటే

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు రామమూర్తినగర్‌లో మా వీధి చివర చిన్న పార్కు ఉంది. చుట్టూ కొయ్య కంచె. పోయిన వారం పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే నాలుగు గుంజలు రోడ్డు వైపు ఒరిగి కనిపించాయి. ఒకదాన్ని పట్టుకుని ఊపగానే నేల దగ్గర పుటుక్కున విరిగి చేతికొచ్చింది. పైన నాలుగడుగులూ గట్టి కర్రే, మొదలు మాత్రం టీలో నానిన రస్కులా ఉంది. కాంక్రీటు దిమ్మలో మిగిలిన ముక్కను పుల్లతో కెలికితే ముందు గోధుమరంగు పొడి వచ్చింది, దాని కింద నీళ్లు. వాన వెలిసి అప్పటికి మూడు రోజులు.

సాయంత్రాలు పిల్లలు ఆ కంచెకే ఆనుకుని నిలబడతారు. అవతల నీళ్ల ట్యాంకర్లు తిరిగే రోడ్డు. చూస్తుంటే టెన్షన్‌గా ఉంటోంది.

గుంజలు మార్చడానికి మనుషులొచ్చారు, సంతోషం. కానీ మళ్లీ అదే తీరు: గుంత తవ్వడం, కర్ర నిలబెట్టడం, చుట్టూ, అడుగునా కాంక్రీటు పోసేయడం. కాంక్రీటుతో కర్రకు బలం వస్తుందని మనందరి నమ్మకం. మా పెరటి కంచెకు నేనూ అలాగే వేయించి నష్టపోయాను. ఎండలకు కర్ర ఎండి కుంచించుకుపోతుంది. దానికీ కాంక్రీటుకీ మధ్య సన్నని సందు పడుతుంది. అందులోకి దిగిన వాన నీళ్లు పోయే దారి లేక గిన్నెలో నిలిచినట్టు నిలిచిపోతాయి. నేలమట్టం దగ్గర తేమా, గాలీ రెండూ అందుతాయి కాబట్టి కర్రను కుళ్లబెట్టే బూజు అక్కడే పెరుగుతుంది. ఇక చెదల సంగతి చెప్పక్కర్లేదు.

కర్రే కావాలనుకుంటే గుంత అడుగున అరడుగు కంకర పోసి, మొదలు దాని మీద ఆనేలా నిలబెట్టాలి. కాంక్రీటు చుట్టూ మాత్రమే పోసి, పైభాగం నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా, నీళ్లు బయటికి జారేలా వాలుగా మెత్తాలి. అంతకన్నా మేలు, కాంక్రీటులో ఇనుప పట్టీ బిగించి, కర్రను నేలకు తగలకుండా దానికి బోల్టులతో కట్టడం. రేపు మార్చాల్సి వచ్చినా బోల్టులు విప్పితే చాలు, దిమ్మ జోలికి పోనక్కర్లేదు. మా పెరట్లో ఒక్క దిమ్మ పెకలించడానికి ఇద్దరికి గడ్డపారలతో ఒక పూట పట్టింది. పార్కులో తీసిన దిమ్మలేమో ఫుట్‌పాత్ మీదే పడి ఉన్నాయి, చీకట్లో ముసలివాళ్లు తట్టుకుని పడతారు.

అసలు ఈ ప్రాంతంలో రాతికి కొదవేముంది? దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు ద్రాక్షతోటల పందిళ్లు రాతి కూసాల మీదే నిలబడ్డాయి. అనంతపురం జిల్లాలో మా తాత పొలం గట్టున పాతించిన కూసాలు నేటికీ నిటారుగా ఉన్నాయి.

ఇంకా సగం కంచె మార్చాల్సి ఉంది. అధికారులు ఒక్కసారి వచ్చి ఆ గుంతల్లోకి తొంగి చూడాలి. మిగిలిన సగానికైనా రాతి కూసాలు వేయించాలి, లేదా కర్ర ఎలా పాతాలో కాంట్రాక్టు కాగితంలోనే రాయించాలి. ఆ పని జరిగేదాకా రోడ్డు వైపు గట్టి తాడైనా కట్టించమని, ఫుట్‌పాత్ మీది దిమ్మలు ఈ వారమే తీయించమని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రామమూర్తినగర్, బెంగళూరు