రాత్రికి ఎక్కడైనా ఆగండి

సంపాదకులకు,

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం కారులో వెళ్లేవాళ్లకు ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. దారి 700 కిలోమీటర్ల పైమాటే, విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్ణుంచి 16. రాత్రికి రాత్రే వెళ్లిపోదామని అందరూ అంటారు, నిరుడు మేమూ అలాగే బయల్దేరాం. తెల్లవారుజామున మూడున్నరకి, తుని దాటాక, మా ఆయన కళ్లు ఒక్క క్షణం మూతపడ్డాయి. చక్రం రోడ్డు అంచు గీత మీదకెక్కి గరగరమంటే వెనక సీట్లోంచి అత్తయ్యగారు కేకేశారు. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది.

ఈసారి రాజమండ్రిలో గది ముందే తీసుకున్నాం. ఫొటోలు చూసి నమ్మకుండా ఫోన్ చేసి అడగండి, కారు లోపల పెట్టుకోవచ్చా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కింది అంతస్తులో గది ఇస్తారా అని. ఆ రాత్రికి కావాల్సిన బట్టలు, బీపీ మాత్రలు వేరే చిన్న సంచిలో పెట్టుకుంటే డిక్కీ అంతా దించే పని ఉండదు. జాతీయ రహదారిపై సాయానికి 1033 నంబరు ఫోన్‌లో వేసి ఉంచుకోండి.

అధికారులకు ఒక విన్నపం. నిరుడు ఒక టోల్ గేటు దగ్గర ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, అడిగితే నీళ్లు లేవన్నారు. మా పదేళ్ల అమ్మాయి ఇంకో గంట ఓర్చుకుంది. పండగలోపు ఆ తాళాలు తీయించండి, నీళ్లు పెట్టించండి.

- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్